వీపు చూపించను

మా ఆయన బంగార్రాజు కాలికి చోడవరం చుట్టుపక్కల ఉన్న పేరు ఆయన తలకి లేదు. తల్లి కడుపులోంచి తలకి బదులు కాళ్ళు ముందుపెట్టి వచ్చినవాడు. అలాంటివాడు ఎడంకాలితో తన్నితే పట్టేసిన నడుం వదులుతుందని మా వైపు నమ్మకం. ఆదివారం పొద్దున్నే చీడికాడ నుంచీ కోటపాడు నుంచీ బళ్ళు కట్టుకుని వస్తారు. మా అరుగు మీద బోర్లా పడుకుంటారు. మా అత్త పైడితల్లి కొడుకు పాదం కడుగుతుంది. ఆయన తంతాడు. వాళ్ళు దణ్ణం పెట్టి, అరటిపళ్ళు ఇచ్చి పోతారు. చెడ్డవాడు కాదు, నమ్మే తంతాడు. నమ్మి తన్నినా తన్ను తన్నే.

ఆ ఏడు చెరకు నరుకుళ్ళలో మోపు ఎత్తుతుంటే నా నడుం కలుక్కుమంది. ఇంట్లోనే వైద్యుడుండగా ఇంకెక్కడికి పోతాను? ఆదివారం అందరితోపాటు నేనూ బోర్లా పడుకున్నాను. ఒక్కటే తన్నాడు. నొప్పి పిర్రలోంచి పిక్క దాకా మంటలా దిగింది. లేవలేక అక్కడే ఏడ్చాను.

"దెబ్బ సరిగ్గా తగల్నేదు. మళ్ళా ఆదోరం ఇంకోటి పడాల," అంది మా అత్త.

నాకు ఒళ్ళు మండిపోయింది.

మా తమ్ముడు పరదేశి నన్ను బస్సెక్కించి అనకాపల్లి డాక్టరుకి చూపించాడు. ఎముకకి ఏం కాలేదు, బరువులెత్తకు, అలాగని మంచం పట్టకు అన్నాడాయన. మా పక్కింట్లో అద్దెకుండే రాజ్యం పంతులమ్మ బళ్ళో హిందీ చెబుతుంది. తలుపేసుకుని ఆసనాలు వేస్తుందని ఊరంతా నవ్వేది. నేనూ నవ్వినదాన్నే. సిగ్గు విడిచి ఆమె తలుపు తట్టాను.

"నేర్పుతాను గానీ, నీ మొండితనం నొప్పి మీద చూపించకు," అంది.

కాళ్ళు చాపి వేళ్ళు అందుకునే ఆసనం ఆమె వేస్తుంటే నేనూ వంగబోయాను. రెక్క పట్టుకుని ఆపింది. "అది ఇప్పుడు నీకు కాదు. వంగడం, మెలితిరగడం రెండూ వద్దు." చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్ళు మడిపించింది. పాదాలు నేలకి ఆనించి, ఊపిరి వదులుతూ నడుం మెల్లగా నేలకి అదమమంది. తర్వాత ఒక్కొక్క మోకాలూ పొట్ట మీదికి. "నొప్పి కాల్లోకి దిగిందా, ఆపెయ్. ఊపిరి బిగబట్టావా, ఆపెయ్. కాలు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా నా దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి." లేచేటప్పుడు పక్కకి తిరిగి, చెయ్యి ఊని లేవాలట. పిల్లల్ని కన్నాక పడుకోవడం, లేవడం నేర్చుకోవలసి వచ్చింది నాకు!

పోనుపోను మంట పిక్క వదిలి తొడకి, తొడ వదిలి నడుంకి వచ్చింది. పూర్తిగా పోలేదు. అయినా బిందె కాకపోతే చెంబు పట్టుకుని నూతి దాకా నడిచేదాన్ని.

ఇంట్లో మాత్రం నిప్పులే. పెళ్ళాం నడుమే బాగుచెయ్యలేనివాడు మనకేం చేస్తాడని జనం పలచబడ్డారు. ఆ మాట ఆయనకి బాగా గుచ్చుకుంది. ఓ ఆదివారం అరుగు మీద నలుగురూ ఉండగా అత్త నా చెయ్యి పట్టుకుంది.

"అందరూ సూస్తండగా తన్నించుకోయే. నా కొడుకు పరువు నిలబెట్టు."

"నానొల్లను అత్తా."

"ఒసే, ఒక్కటేనే," అన్నాడాయన, తడి పాదంతో నిలబడి. "మెల్లగానే తంతాను. జనం నవ్వుతన్నారే."

"నీ పరువు నా నడుం మీద నిలబెడతావేటి మావా?"

కోటపాడు నుంచి నడుం పట్టుకుని వచ్చిన దేముడమ్మ అనే ముసలామె, "పడుకోయే తల్లీ, మొగుడే గదా," అంది.

సరే, పడుకున్నాను. బోర్లా కాదు. చెయ్యి ఊని, పక్కకి ఒరిగి, వెల్లకిలా తిరిగాను. చీర సర్దుకుని మోకాళ్ళు మడిచాను. నడుం నేలకి ఆనింది. ఆయన ముఖంలోకి చూశాను.

"తన్ను మావా. నా మొకం సూసి తన్ను."

ఆయన కాలు లేచింది. భయం వేసింది. అయినా ఊపిరి బిగబట్టలేదు, పంతులమ్మ చెప్పినట్టే వదిలాను. ఇన్నేళ్ళలో ఎన్ని వీపుల్ని తన్నాడో గానీ, తన కళ్ళలోకి చూసే మనిషిని ఆయన ఎన్నడూ తన్నలేదు. కాలు గాల్లోనే ఆగిపోయింది. దించేశాడు. అత్త తిట్లు లంకించుకుంది. ఆయన మాత్రం ఎవరి వైపూ చూడకుండా అరుగు దిగి పశువుల సాలలోకి వెళ్ళిపోయాడు.

జాలేసింది. అయినా నేను లేవలేదు. మోకాలు మెల్లగా పొట్ట మీదికి తెచ్చుకున్నాను.

దేముడమ్మ కాసేపు నన్నే చూసింది. తర్వాత మూలుగుతూ నా పక్కన చేరి, చెయ్యి ఊని, వెల్లకిలా పడుకుంది.

"ఒలమ్మా, మోకాలు ఎంత లాగాలే?"

"నొప్పెట్టనంత వరకే," అన్నాను.