రాయని రెండో అంకె

ఇస్త్రీ హాలు మేస్త్రీకి అప్పటికప్పుడు వచ్చి అప్పటికప్పుడు చల్లారే కోపాలు లేవు. ఆయన కోపం కుంపటిలాంటిది, పైకి బూడిద, లోపల నిప్పు. మూడేళ్ళ కిందట లాండ్రీ కార్మికుల సొసైటీ ప్రెసిడెంటు ఎన్నికల్లో ఆయన ఓటు కాగితాన్ని చెల్లదని తీసి పక్కన పడేశారు. ఆ నిప్పు ఇంకా ఆరలేదు.

ఆ సొసైటీలో ఓటు వేయడమంటే ఒక పేరు మీద ముద్ర కొట్టి వచ్చేయడం కాదు. నిలబడ్డ ప్రతివాడి పేరు పక్కనా ఒక గడి ఉంటుంది. అందరికన్నా నచ్చినవాడికి ఒకటి, ఆ తర్వాతివాడికి రెండు, అలా ఆఖరివాడిదాకా అంకెలు వేసుకుంటూ పోవాలి. మొదటి లెక్కలో ఎవరికీ సగానికి మించి రాకపోతే, అందరికన్నా వెనకబడ్డవాణ్ణి తప్పించి, వాడి కాగితాల్లో రెండో అంకె ఎవరికుందో చూసి వాళ్ళకు కలుపుతారు. ఒక్క గడి ఖాళీగా వదిలినా కాగితం మొత్తం చెల్లదు. అదీ రూలు.

మేస్త్రీ వదిలింది లాండ్రీ గుమాస్తా గడిని. మరచిపోయి కాదు. ఆ మనిషికి ఆఖరి అంకె వేయడానికి కూడా ఆయనకు చెయ్యి రాలేదు. గుమాస్తాను ఎదురుగా ఉంటే అందరూ సార్ అంటారు, వెనక కళ్లజోడు అంటారు. దుప్పట్లను ఒక పక్క మింగి ఇంకో పక్క ఇస్త్రీ చేసి కక్కే రోలర్ మిషన్ తెప్పించాలని కళ్లజోడు పట్టుదల. అది పెట్టాలంటే ఇస్త్రీ హాలే కావాలి. పద్నాలుగు బల్లలూ లేచిపోతాయి. మిషన్ దగ్గరికి ఐదుగురు చాలు. "మరి తక్కినవాళ్ళు?" అని అడిగితే కళ్లజోడు అద్దాలు తుడుచుకుంటాడు.

ఏడో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టి ఇస్త్రీ పెట్టె పట్టిన మేస్త్రీకి ఆ పని తప్ప వేరే బతుకు తెలియదు. బావమరిదిని కూడా ఆయనే తీసుకొచ్చి అదే పనిలో పెట్టాడు. చొక్కా కాలర్ అంచుల నుంచి మధ్యకు కొట్టాలని, పట్టు గుడ్డ మీద ఊపిరి కూడా జాగ్రత్తగా వదలాలని దగ్గరుండి నేర్పాడు. ఆ బావమరిదే ఒకరోజు టీ తాగుతూ కదిపాడు.

"బావా, పారేసిన కాగితం గురించి ఎన్నాళ్ళు పళ్ళు నూరతావు? రూలే మార్పిద్దాం. ఇష్టమైనంతవరకు రాస్తాం, ఇష్టం లేని చోట ఆపేస్తాం. నచ్చనివాడికి కూడా నంబరు వెయ్యమని మెడ మీద కూర్చోవడమేంటి?"

"నువ్వే మాట్లాడు మీటింగులో."

"నేను మాట్లాడితే కుర్రకుంక అని కూర్చోబెడతారు. నీ నోటి నుంచి వస్తే దాని బరువు వేరు."

మేస్త్రీకి ఆ బరువు మాట నచ్చింది.

మీటింగు ఆరబెట్టే షెడ్డులో జరిగింది. తలల మీద తడి దుప్పట్లు, మెడల మీద చుక్కలు. మేస్త్రీ లేచి నిలబడి, నా మనసులో లేని అంకెను నా చేత్తో రాయించే హక్కు ఎవడికుందని అడిగాడు. పోయినసారి అక్షరం ముక్క రాని ముసలివాళ్ళవి పదకొండు కాగితాలు పారేశారని గుర్తు చేశాడు. పై నుంచి కిందికి ఒకటి రెండు మూడు అని గుడ్డిగా వేసి చేతులు దులుపుకునేవాళ్ళ ఓటు కూడా ఓటేనా అని నిలదీశాడు. చప్పట్లు పడ్డాయి.

కుట్టు గది పెద్దమ్మ లేచింది. చిరుగులు కుట్టే, గుండీలు వేసే ఆడవాళ్ళకు ఆవిడే పెద్ద. ఎన్నికలు నడిపేది కూడా ఆవిడే.

"నాయనా, నీ మాట చెవికి ఇంపుగా ఉంది. కానీ అందరూ చివరిదాకా రాశారనుకో, ఆఖరికి మిగిలిన ఇద్దరిలో ఎవరు నయమో ప్రతి మనిషీ చెప్పినట్టు. సగంలో ఆపేస్తే, తేల్చే వేళకి ఆ మనిషి లేచి బయటికి పోయినట్టే. ఉన్నవాళ్ళు తేల్చింది అందరి నెత్తినా పడుతుంది."

"పోయే హక్కు ఉండాలి కదా పెద్దమ్మా!"

"ఉండాలి. తలుపు తీసి పెడితే ఎవరెవరు పోతారో నీకు తెలుసా?"

"నీకు తెలుసా ఏంటి?"

"నాకా? నలభై ఏళ్ళు కాపురం చేసి మా ఆయన ఎప్పుడు ఎటు పోతాడో కనుక్కోలేకపోయాను. వీళ్ళ సంగతేం తెలుస్తుంది!"

షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వులోనే చేతులు లేచాయి. కళ్లజోడు చెయ్యి అందరికన్నా ముందు లేచింది. మేస్త్రీ అది చూశాడు. చూసి, పగవాడు కూడా కాదనలేకపోయాడంటే న్యాయం తన వైపే ఉందని ఛాతీ విరుచుకున్నాడు.

రూలు మారిన నెలకే ఎన్నికలొచ్చాయి. కళ్లజోడు మళ్ళీ నిలబడ్డాడు. ఆయన గెలిస్తే మిషన్ వచ్చినట్టే. అందుకని మేస్త్రీ నిలబడ్డాడు. బావమరిది కూడా నిలబడతానన్నాడు.

"నీ మొహం చూసి కుర్రవాళ్ళు వెయ్యరు బావా. తిడతావని భయం. నాకు ఒకటి వేయించి, నీకు రెండు వేయిస్తాను. నేను పడిపోగానే నా కట్ట మొత్తం నీ సంచిలోకి."

మేస్త్రీ ఒప్పుకున్నాడు. తమ్ముడికి మరీ తక్కువొస్తే పరువు పోతుందని భార్య దిగులు పడితే, "సరే, నీ ఒకటి వాడికే పారెయ్. రెండు మాత్రం నాదే" అని ఆయనే నవ్వాడు. ఆమె కుట్టు గదిలో గుండీలు వేస్తుంది, ఆమెకూ ఓటుంది.

లెక్కింపు ఆదివారం పొద్దున, మూటలు దించుకునే గదిలో. యాభై ఏడు కాగితాలు. కళ్లజోడుకి ఇరవై ఐదు, మేస్త్రీకి పద్దెనిమిది, బావమరిదికి పద్నాలుగు. బావమరిదిని తప్పించారు. ఆ పద్నాలుగూ తనకు కలిస్తే ముప్పై రెండు. మేస్త్రీ తువ్వాలుతో మొహం తుడుచుకుని, గెలిచినవాడు ఎలా కూర్చోవాలో అలా కూర్చున్నాడు.

పెద్దమ్మ ఒక్కొక్క కాగితం ఎత్తి చూపించడం మొదలుపెట్టింది. "రెండు, మేస్త్రీకి." పక్కన పెట్టింది. "రెండు లేదు." ఇంకో పక్కన పెట్టింది. "రెండు లేదు. రెండు లేదు."

అలా తొమ్మిది కాగితాలు. బావమరిది పేరు పక్కన ఒకటి, కింద తెల్లటి ఖాళీ. ఆ తొమ్మిదీ లెక్కలోంచి పోయాయి, మేస్త్రీకి కలిసింది ఐదే. ఇరవై ఐదుకి ఇరవై మూడు. కొత్తగా ఒక్క ఓటు కూడా రాకుండానే, కూర్చున్న కుర్చీలోంచి కదలకుండానే కళ్లజోడు గెలిచాడు.

ఒకటి అంకెలో ఏముంటుంది, నిలువుగా ఒక గీత. వేరేవాళ్ళకైతే అంతే. కానీ ఆ లాండ్రీలో ప్రతి మూట మీదా పని చేసినవాళ్ళు తమ నంబరు చీటీ మీద రాసి పెడతారు. ఇరవై రెండేళ్ళుగా ఆ చీటీలన్నీ మేస్త్రీ చేతి మీదుగా పోతాయి. ఎవరి గీత ఎటు ఒరుగుతుందో, ఎవరు పెన్సిల్‌ను పొడిచినట్టు పెడతారో ఆయనకు కంఠతా. తొమ్మిదిలో మొదటిది బావమరిదిదే. పైన ముక్కు, కింద పీట, పుట్టు గర్వం. తర్వాతవి ఇస్త్రీ హాలు కుర్రవాళ్ళవి, గుండీల ఆడవాళ్ళవి. ఆఖరిదాన్ని మేస్త్రీ ముందుకు వంగి ఇంకోసారి చూశాడు. ఆ గీత కింది నుంచి పైకి గీసినది. ఒకటిని అలా తలకిందులుగా గీసే మనిషి సొసైటీ మొత్తం మీద ఒక్కతే ఉంది. ఆమెతో ఆయన పద్దెనిమిదేళ్ళుగా కాపురం చేస్తున్నాడు.

"అభ్యంతరాలుంటే సాయంత్రం నాలుగులోపు చెప్పండి," అంది పెద్దమ్మ. "ఎవరైనా ఓటర్లకి తప్పు చెప్పి రాయించారంటే, అలా మోసపోయినవాళ్ళు ఒక్కరొచ్చి నా ముందు చెప్తే చాలు. మళ్ళీ వేయిస్తాను."

బావమరిది అప్పటికే బయటికి జారుకున్నాడు. బాయిలర్ వెనక మేస్త్రీకి దొరికాడు.

"ఏరా, మాటిచ్చావు కదరా!"

"ఏం తప్పాను బావా? కళ్లజోడుకి వెయ్యమని ఎవరికైనా చెప్పానా? నువ్వే చూశావుగా, నా పద్నాలుగింట్లో ఆయనకి ఒక్కటైనా పోయిందా?"

"నాకూ రాలేదుగా!"

"ఇష్టమైనంతవరకు రాసి ఆపొచ్చని చెప్పింది నువ్వే. షెడ్డంతా దద్దరిల్లేలా చెప్పావు. నేను ఆపాను."

"మిషన్ దగ్గర ఐదుగురిలో నువ్వొకడివా?"

బావమరిది కాలితో బొగ్గు ముక్కను తన్నాడు. "నాకు ఇద్దరు పిల్లలు బావా."

"మరి నావాళ్ళు పిల్లలు కారట్రా, కోతులా?"

"అరవకు. నిజం చెప్పమంటే చెప్తాను. పాత రూలే ఉంటే నా వల్ల అయ్యేది కాదు. కళ్లజోడుకి రెండు వేసి నీకు మూడు వెయ్యాలంటే, ఒట్టు, నా చెయ్యి పడిపోయేది. ఆయనకీ అది తెలుసు. అందుకే నాకు వెయ్యమని ఒక్కసారి కూడా అడగలేదు. 'మీ బావ గడి ఊరికే వదిలెయ్, అంతే' అన్నాడు. వదిలెయ్యడానికి చెయ్యి కదపక్కర్లేదు కదా బావా."

మేస్త్రీ చెయ్యి లేచింది. లేచిన చేతికి ఏం చేయాలో తోచలేదు. కొట్టే మాట వాడు ముందే కొట్టేశాడు. చెయ్యి దించుకుని ఇంటిదారి పట్టాడు.

భార్య గుమ్మంలోనే ఉంది. వార్త ఆయన కన్నా ముందే వచ్చేసింది.

"ఎవరండీ మీకు ఓటు ఎగ్గొట్టిన ఆ తొమ్మిది మంది? వాళ్ళ చేతులు విరిగిపోను! ఇష్టం లేకపోతే మొహం మీదే చెప్పొచ్చుగా!"

ఆయన చెప్పులు విప్పకుండా అలాగే నిలబడ్డాడు. "నువ్వు రెండు ఎవరికి వేశావు?"

"నేనా? నేను వెయ్యలేదు." ఏ బెరుకూ లేకుండా చెప్పింది. "రెండు వేస్తే ఒకటి కొట్టేసినట్టే అని తమ్ముడు చెప్పాడు. కుట్టు గదిలో మా నలుగురికీ చెప్పాడు. నాకు తెలియని సంగతా? చీటీల దగ్గర మీరూ అదే కదా అంటారు."

అది నిజమే. ఒక బల్ల మీద మొదలైన మూట ఇంకో బల్లకు మారితే చీటీ మీద రెండో నంబరు పడుతుంది. రెండోది పడిందంటే మొదటిది చెల్లనట్టే. ఆ పాఠం లాండ్రీలో ప్రతివాళ్ళకీ మేస్త్రీయే నేర్పాడు. ఆ పాఠంతోనే బావమరిది పని కానిచ్చాడు.

ఆయన గడప మీద కూర్చుని అంతా విడమరచి చెప్పాడు. మొదటివాడు పడిపోయాకే రెండో అంకె లేస్తుందని, అంతవరకు అది ఒకటిని ముట్టుకోదని, మిషన్ దగ్గర ఎవరికి చోటు దొరికిందని. వింటూ వింటూ ఆమె గోడకు జారగిలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయన ఏడవనిచ్చాడు. తర్వాత అన్నాడు:

"లే. మొహం కడుక్కో. నాలుగులోపు పెద్దమ్మ దగ్గరికెళ్ళి ఈ ముక్క చెప్పాలి. తప్పు చెప్పి ఆపించాడని చెప్తే చాలు, మళ్ళీ వేయిస్తుంది."

ఆమె ఏడుపు ఆగింది. "నలుగురిలోనా?"

"నలుగురిలోనే."

"వాణ్ణి సొసైటీలోంచి తీసేస్తారండీ."

"తీసెయ్యనీ."

"ఇద్దరు పసివాళ్ళు వాడికి. తెలియక చేశాను, కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. మా తమ్ముడు అబద్ధాలకోరని నా నోటితో చెప్పమంటే మాత్రం చెప్పలేను. మీదేముంది, మేస్త్రీ పని తెలిసిన మనిషి, ఎక్కడికెళ్ళినా కుర్చీ వేసి కూర్చోబెడతారు. వాడికి మీరు నేర్పింది తప్ప ఏమొచ్చు?"

యాభయ్యో పడిలో ఉన్న ఇస్త్రీ మేస్త్రీకి ఏ లాండ్రీవాడు కుర్చీ వేస్తాడో ఆయన అడగలేదు.

"పొద్దున తెలియక చేశావు," అన్నాడు. "ఇప్పుడు తెలిసే చేస్తున్నావు."

ఆమె లేచి, మంచినీళ్ళ చెంబు ఆయన పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది. మిగిలిన ముగ్గురు ఆడవాళ్ళ ఇళ్ళకు వెళ్దామా అని ఆయనకు అనిపించింది. కట్టుకున్నదే నోరు విప్పనప్పుడు ఊరివాళ్ళను ఏమని అడగాలి? నీళ్ళు ముట్టకుండానే లేచాడు.

మూడున్నరకి పెద్దమ్మ ఓటు కాగితాలను గుడ్డలో చుట్టి సూదితో కుడుతోంది.

"దొరికారా ఎవరైనా?"

"లేరు పెద్దమ్మా."

ఆవిడ సూది ఆపి, కళ్ళెత్తి చూసింది. "గుండీల చీటీలు నేనూ చూస్తాను నాయనా. కింది నుంచి పైకి గీసిన గీత నాకు తెలియనిదా? ఆమెకి కబురు చెయ్యమంటావా?"

తల ఒక్క ఊపు ఊపితే చాలు. అడిగితే పెద్దమ్మ ముందు అబద్ధం ఆడగలిగే మనిషి కాదు ఆమె, ఆ సంగతి ఆయనకు తెలుసు. నోట్లో మాట కూడా తయారుగానే ఉంది.

"వద్దు," అన్నాడు మేస్త్రీ. "ఆమెకెవరూ ఏమీ చెప్పలేదు. తన ఇష్టం కొద్దీ ఆపింది."

"ఇష్టం కొద్దీనా?"

"మన రూలే అది కదా పెద్దమ్మా."

పెద్దమ్మ మూటకు ఆఖరి కుట్టు వేసి దారం కొరికింది.

ఇస్త్రీ హాలు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. రేపటిదాకా ఆగే ఓపిక కళ్లజోడుకి లేనట్టుంది, ఒక పుస్తకం పట్టుకుని కొలతలు రాసుకుంటున్నాడు. టేపు ఒక కొస గోడ దగ్గర కళ్లజోడు చెప్పుల కింద ఉంది, రెండో కొస బావమరిది చేతిలో ఉంది. మధ్యలో ఒక బల్ల అడ్డం వచ్చింది.

బావమరిది మేస్త్రీని చూసి తల దించుకున్నాడు. టేపు కింద పెట్టకుండానే, పనిలో రోజూ పిలిచినట్టే పిలిచాడు.

"బావా, ఆ బల్ల కాస్త జరుపుతావా?"

ఇరవై రెండేళ్ళలో ఆ హాలులో మేస్త్రీని బల్ల జరపమన్నవాడు లేడు. ఆయన వెళ్ళి అంచు పట్టుకుని లాగాడు. అది ఒక్కడి వల్ల కదిలే బల్ల కాదు. టేపు వదిలేసి, రెండో వైపు పట్టడానికి బావమరిదే వచ్చాడు. ఇద్దరూ కలిసి ఎత్తారు.