మూడో రింగు మోగనివ్వలేదు

నేను ఒక ఫ్యాక్స్ మిషన్ని. కాకినాడ రామారావుపేటలో ఒక డాబా ఇంట్లో అటక మీద పడి ఉన్నాను. నేనొక తప్పు చేశానండీ. చెప్పుకుంటే పోతుందని కాదు, చెప్పుకోకుండా ఉండలేక చెబుతున్నాను.

పుట్టింది ఏదో దూరదేశపు ఫ్యాక్టరీలో. మొదటి కొలువు మాత్రం ఇక్కడే, పోర్టు దగ్గర ఒక ఎగుమతుల ఆఫీసులో. అక్కడ సొంత ఎక్స్ఛేంజి, సున్నా నొక్కితేగాని బయటి లైను పలికేది కాదు. అవతలి మిషన్లకు ఓపిక తక్కువని, రెండు రింగులకే ఎత్తమని నాకు నేర్పారు. ఆ ఆఫీసు మూతపడ్డాక, కోర్టు కాగితాలు తర్జుమా చేసే భాస్కరమూర్తిగారు నన్ను ఇంటికి తెచ్చుకున్నారు. సున్నా తీసేశారు గానీ రెండు రింగుల అలవాటు అలాగే ఉంచేశారు. పైగా "చురుకైన మిషనే సుగుణా" అని భార్యతో మురిసిపోయారు.

ఆ ఇంట్లో ఒకటే ఫోను, ఒకటే లైను. దాని మీద నాకంటే ముందునుంచీ ఒక ఒప్పందం నడుస్తోంది. గాంధీనగర్‌లో ఒంటరిగా ఉండే ఆయన అక్క మాణిక్యాంబగారు రోజూ పొద్దున్నే ఒక్క రింగిచ్చి పెట్టేస్తారు. అంటే బాగానే ఉన్నానని. మూడు రింగులిచ్చి పెట్టేస్తే వెంటనే రమ్మని. మూడు దాటి మోగితే తప్ప ఇటువైపు ఎవరూ ఎత్తరు. నేనొచ్చాక కూడా పొద్దుటి ఒక్క రింగు సవ్యంగానే వచ్చి పోయేది, మాట్లాడే ఫోన్లు వేరే ఆ ఇంటికి అరుదు. అందుకే, నేనున్నచోట మూడో రింగన్నదే ఉండదని ఎవరికీ తట్టలేదు. నేనొచ్చిన సంగతి ఆవిడకు చెప్పనూ లేదు.

ఒక మంగళవారం పొద్దున తొమ్మిదింటికి ఆవిడ బాత్రూం గడప దగ్గర జారిపడ్డారు. తుంటి విరిగింది. దేక్కుంటూ వచ్చి, ఫోను కిందికి లాక్కుని మాకు చేశారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది లెండి. ఆ క్షణాన నాకు తెలిసింది రింగు ఒక్కటే. రెండో రింగుకు ఎత్తి, ఆవిడ చెవిలో కీచుమని అరిచాను. అవతలినుంచి మిషను జవాబు రాకపోతే కాసేపు చూసి పెట్టేయడం నా పద్ధతి. పెట్టేశాను. ఆవిడ మళ్లీ చేశారు. మళ్లీ అదే తంతు.

"కాగితం రావట్లేదండీ. ఒకసారి ఎత్తి చూడనా?" అన్నారు సుగుణగారు.

"ముట్టుకోకు. మధ్యలో తెగిపోద్ది" అన్నారాయన, నిఘంటువులోంచి తలెత్తకుండా.

మూడోసారీ అంతే. సాయంత్రం పనిమనిషి కిటికీలోంచి చూసి కేక పెట్టేదాకా ఆవిడ నేలమీదే ఉన్నారు.

"ఆవేళ లైను పోయిందక్కా" అని ఆస్పత్రిలో ఆయన అబద్ధం చెప్పారట. కోలుకున్నాక ఆవిడ చేతికర్రతో ఈ ఇంటికే వచ్చేశారు. ఆయన కాళ్లరిగేలా తిరిగి నాకు విడిగా ఇంకో నంబరు పెట్టించారు. కొన్నాళ్లకు అదే తీగలో ఇంటర్నెట్ వచ్చింది, దాని గోల నామీద పడకుండా ఫిల్టరు తగిలించారు. ఆ తర్వాత ఇంటర్నెట్ మీదే నడిచే ఫోను వచ్చింది. అందులో నా అక్షరాలు సగం దారిలోనే పోయేవి. ఇన్ని లైన్లు మార్చినా ఆయన నావంక తిన్నగా చూసింది లేదు. చూస్తే మాత్రం నాకు మొహం ఎక్కడిది?

మొన్న నన్ను అటకెక్కించడానికి తీగ పీకుతూ, ఎనిమిదేళ్ల తర్వాత ఆయన నోరు తెరిచారు.

"అక్కా, ఆవేళ లైను బాగానే ఉంది. నేనూ ఇంట్లోనే ఉన్నాను. ఎత్తింది ఈ మిషను. సుగుణ చూస్తానంటే నేనే వద్దన్నాను."

మాణిక్యాంబగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. చెయ్యి ఆగలేదు.

"తెలుసురా మూర్తీ. ఈ ఇంటికొచ్చిన వారంలోనే దీని అరుపు విన్నాను కదా. నువ్వు బాధపడతావని ఊరుకున్నాను."

ఆయన కళ్లు తుడుచుకున్నారు. "మనిషి కాదని తెలిశాక కూడా అన్నిసార్లు ఎందుకు చేశావక్కా?"

"రెండోసారి నువ్వెత్తుతావేమోనని చేశాను. మూడోసారి అందుకు కాదురా. ఆ నేలమీద ఒక్కదాన్నే ఉండలేకపోయాను. అటువైపు ఏదో ఒకటి పలుకుతోంది కదా, పలకనీ అని చెవికి ఆనించుకున్నాను."

మూడోసారి కూడా, నిమిషం తిరక్కుండా, ఫోను పెట్టేసింది నేనే.