సోంపుకి జోడీ లేదు

కొండాపూర్‌లో కొండలు పేలుస్తున్న రోజులవి. మాదాపూర్ వైపు హైటెక్ సిటీ మేడ పైకి లేస్తుంటే, ఇటు బండరాళ్ళు ముక్కలై లారీలెక్కేవి. "కొండ పోయింది, పూర్ మిగిలింది. ఆ పూర్ మనమేనే!" అని పార్థసారథి తన జోకుకి తనే ముందు నవ్వేవాడు.

కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చిన ప్రభుత్వ గుమాస్తా. కొత్త ఇంటి వెనక మళ్ళు కట్టి ప్రతి మొక్కకీ ఓ జోడీ చూశాడు. వేరుపురుగు రాకుండా టమాటా పక్కన బంతి, వంగ పక్కన కొత్తిమీర, ఎగబాకడానికి ఆసరాగా చిక్కుడు పక్కన మొక్కజొన్న.

"అందరినీ ఒకే బంతిలో కూర్చోబెడితే ఎవరికీ అజీర్తి చెయ్యదు," అనేవాడు. భార్య వాసంతి నవ్వేది. పిల్లలు లేని ఆ ఇంట్లో సందడంటే ఆయన మాటలే.

వానాకాలంలో పిట్టల బెడద ఎక్కువైంది. గడ్డిబొమ్మ నిలబెట్టారు గాని, తొడగడానికి పాత చొక్కా ఒక్కటీ లేదు. అన్నీ వాసంతి స్టీలు సామానుల ఆవిడకి వేసి బియ్యం డబ్బా తీసుకుంది.

"నా చొక్కాలన్నీ తిని డబ్బా డాబుగా కూర్చుంది చూడు!" అంటూ పార్థసారథి ఒంటి మీది చొక్కానే విప్పి, మళ్ళు తవ్విన చెమట ఆరకముందే, బొమ్మకి తొడిగాడు.

వాళ్ళకి ఆ స్థలం అమ్మిన రాజమ్మ, కొడుకు కొన్న కొత్త మారుతి కారు దిగి, గోడ మీంచి తొంగి చూసింది.

"ఏంది వాసంతమ్మా, గా అంగీ ఉతకకుండనే తొడిగిన్రా?"

"పిట్టల కోసం ఇస్త్రీ కూడా చేయించాలా, రాజమ్మగారూ?" అన్నాడు పార్థసారథి.

రాజమ్మ నవ్వలేదు. "మా చేన్ల ఎన్నడు గిట్ల చెయ్యలే సారూ. ఉతికి, ఎండల ఆరేసి తొడిగేటోళ్ళం. చెమట వాసనుంటే తీగలకు అది మనిషే. జర తీసెయ్."

ఆయన తీయలేదు. మర్నాడు ఆఫీసులో చెప్పుకోవడానికి మంచి జోకు దొరికిందనుకున్నాడు.

చిక్కుడు తీగ మొక్కజొన్నని వదిలేసింది. బొమ్మ కాళ్ళకి చుట్టుకుని, నడుము దాటి, గుండీల సందుల్లోంచి చొక్కాలోకి దూరింది. దసరా నాటికి బొమ్మ భుజాలు నిండాయి. పొట్ట ముందుకొచ్చింది, అచ్చం పార్థసారథి పొట్టలాగే. ఆయన పొట్ట మాత్రం వెన్నుకి అంటుకుపోయింది. చిక్కుడు బలుస్తోంది, మనిషి చిక్కుతున్నాడు. ఈ మాట ఆయనే అని, ఆయనే నవ్వాల్సింది. అనలేదు. వాసంతికి తట్టింది గాని, నవ్వు రాలేదు.

డాక్టర్లు రక్తంలో ఏ దోషమూ లేదన్నారు. ముందు జోకులు పోయాయి, తర్వాత మాటలు పోయాయి, చివరికి "ఊఁ" ఒక్కటే మిగిలింది. ఆఫీసు నుంచి రాగానే వెళ్ళి బొమ్మకెదురుగా నిలబడేవాడు. గాలికి బొమ్మ భుజం ఒరిగితే, ఆయన భుజమూ ఒరిగేది.

ఓ ఆదివారం పొద్దున వాసంతి కొడవలి తీసుకుని, బొమ్మ మణికట్టు దగ్గర ఒక్క తీగ కోసింది. ఇంట్లోంచి కేక. పరిగెత్తి చూస్తే పార్థసారథి మణికట్టు మీద ఎర్రటి గీత, సన్నగా ఊరుతున్న రక్తం.

కోస్తే ఆయన దక్కడు. అలాగే వదిలేసినా దక్కడు.

ఆ రోజంతా ఆమె పెరటి గుమ్మంలో కూర్చుని ఆయన తోట నియమాలన్నీ నెమరేసుకుంది. ఎవరికి ఎవరు జోడీయో చెప్పిన మనిషి, ఎవరికీ జోడీ కానిదేదో కూడా చెప్పాడు. సోంపు. పేరుకే సొంపు, దాని పక్కన టమాటా పెరగదు, చిక్కుడు నిలవదు. ఒంటరిగా కుండీలోనే ఉండాలి.

వాసంతి సోంపు నారు తెచ్చి బొమ్మ పాదాల చుట్టూ దగ్గర దగ్గరగా నాటింది. రోజూ తన చేత్తోనే నీళ్ళు పోసింది, మట్టి ఎగదోసింది. చలికాలం ముదిరేసరికి ఈకల్లాంటి ఆకులు మోకాలెత్తు లేచాయి. చిక్కుడు కింది నుంచి పండుబారి, ఎవరూ లాగకుండానే పట్టు సడలించి జారిపోయింది. చొక్కా ఖాళీగా వేలాడింది.

ఆ ఉదయం టిఫిను దగ్గర పార్థసారథి గొంతు సవరించుకున్నాడు.

"వాసంతీ! ఇది ఉప్మానా, లేక ఉప్పు మానావా?"

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పరుగున వచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. ఆయన రెండో జోకు మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు. పెదాలు పాలిపోయాయి.

"కొంచెం అటు జరగవే. ఎందుకో నీ పక్కన ఊపిరాడట్లేదు."

చేతులకంటిన సోంపు వాసన పోవాలని ఆమె సబ్బుతో కడుక్కుంది, చింతపండుతో రుద్దుకుంది, తలారా స్నానం చేసి వచ్చింది. దగ్గరికొచ్చిన ప్రతిసారీ ఆయన ముఖం పండుబారింది. దూరం జరిగితే రంగు తిరిగింది. చివరికి ఆమె గుమ్మం బయటికెళ్ళి నిలబడింది. లోపల ఆయన హుషారుగా ఆఫీసు సంగతులు చెబుతూ, తన జోకులకి తనే నవ్వుతున్నాడు.

"ఏమే, వింటున్నావా?"

"వింటున్నానండీ," అంది వాసంతి, ఇంకో అడుగు వెనక్కి వేస్తూ.