తోకలో నూట నలభై ఈకలు

"ఇంకో షీటూ గోవిందా!" అన్నాడు మా ఆయన, నా భుజం మీదుగా తొంగిచూసి.

నేను సన్నటి పట్టకారుతో, కోసిన వినైల్ స్టిక్కరు షీటులోంచి ఈకల ముక్కల్ని ఒక్కొక్కటే పీకుతున్నాను. పిల్లల లైబ్రరీ అద్దం తలుపు మీదికి పెద్ద పక్షి బొమ్మ కావాలి. షీటుని మా షాపులోని కటింగ్ మిషన్ మీద స్టెన్సిల్‌గా కోసి, ఈకలున్న చోట ముక్కలు తీసేసి, మిగతాది అద్దానికి అతికించి మందు పూస్తే, ఆ ఖాళీల్లో అద్దం మసకగా తెల్లబడుతుంది. బొమ్మ పెద్దది కాబట్టి రెండు షీట్లుగా కోస్తున్నాను. పొద్దున రెక్కలు, భోజనాలయ్యాక తోక. తోకలో నూట నలభై ఈకలు, ఒక్కటీ చిటికెనవేలి గోరుకన్నా పెద్దది కాదు. రెక్కలు చక్కగా తెగాయి. తోకలో మాత్రం చిన్న ముక్కలు లేచిపోయి బ్లేడు వెంట ఈడ్చుకుపోయాయి, ఈకల చివర్లు చిరిగాయి, వెనక కాగితం కూడా తెగింది. తోకకిది మూడో షీటు.

"నీ మనసు ఎక్కడుంటుందో నాకర్థం కాదు. వచ్చే సోమవారం నుంచి ఆపరేటర్ని పెడుతున్నా. నువ్వు హాయిగా ఇంటిపట్టున ఉండు."

హాయిగా అట. ఆరేళ్ళ క్రితం ఈ మిషన్ కొన్నప్పుడు దాంతోపాటు వచ్చిన పుస్తకాన్ని నా ఒళ్ళో పడేసి, "నీకెలాగూ ఖాళీయే కదా, చదివిపెట్టు" అన్న మనిషే ఈయన. ఆ ఖాళీలో అయిదుగురికి వంట, రెండేళ్ళ పిల్ల, అత్తగారి మోకాళ్ళకి పూటపూటా నూనె రాయడం ఉన్నాయి. అయినా చదివాను. ఒక చేత్తో పిల్లని జోకొడుతూ, రెండో చేత్తో పేజీలు తిప్పుతూ చదివాను. ఇవాళ ఊళ్ళో సగం షాపుల బోర్డుల మీద అక్షరాలు నేను కోసినవే. ఎవరైనా అడిగితే మాత్రం ఈయన నవ్వుతూ, "మా ఆవిడకి పొద్దుపోదండీ, వచ్చి కాస్త సాయం చేస్తుంటుంది" అంటాడు. షీట్ల సంగతి షాపు పైనున్న మా ఇంటికి చేరగానే అత్తగారు కూడా ఒక మాట అనేశారు. "నా కొడుకు ఓపికస్తుడు గనక సరిపోయింది, ఇంకొకడైతే ఎప్పుడో మిషన్ ముందు నుంచి లేపేసేవాడు." నిజం చెప్పొద్దూ, నేనూ సగం నమ్మేశాను. చేతులు వణుకుతున్నాయేమో, చూపు మందగించిందేమో అనుకున్నాను. ఆ మిషన్ దగ్గర కూర్చున్నప్పుడే నేనంటూ ఒక మనిషిని ఉన్నానని నాకు తెలుస్తుంది. అది కూడా పోతుందంటే కోపం వచ్చింది.

ఈ ఇంట్లో నన్ను దబాయించనిది మిషన్ ఒక్కటే. దాన్నే అడుగుదామనుకున్నాను. మర్నాడు, మంగళవారం, బ్లేడు మార్చాను. టెస్ట్ కట్ చేశాను. అంటే చదరం లోపల చిన్న త్రికోణం కోయడం. రెండూ విడివిడిగా ఊడొచ్చి, వెనక కాగితం మీద గీత పడకపోతే అంతా బాగున్నట్టు. పొద్దున అద్దంలా వచ్చింది. భోజనాలయ్యాక మళ్ళీ కోస్తే త్రికోణం చిరిగింది. "మిషన్ ఎవరైనా ముట్టుకున్నారా?" అనడిగితే, "నాకేం వేరే పనుల్లేవా?" అన్నాడాయన. బుధవారం రోలర్లు తుడిచాను, బ్లేడు ఉండే గొట్టంలో ఇరుక్కున్న వినైల్ పీచు సూదితో లాగేశాను. పొద్దున బాగుంది, మధ్యాహ్నం చిరిగింది. గురువారం వేగం సగానికి తగ్గించాను. అదే కథ. ప్రతి ముక్క మీదా వారం, టైము రాసి గోడకి అతికించాను.

రోజూ షాపు తెరవగానే, ముందెలా ఉందో చూడకుండానే బ్లేడూ ప్రెషరూ కొత్తగా సరిపెట్టుకోవడం నా అలవాటు. మధ్యాహ్నం మాత్రం వదిలిన చోటి నుంచే మొదలుపెట్టేదాన్ని, నేనే పెట్టి వెళ్ళాను కదా అని. గురువారం మొదటిసారి మధ్యాహ్నం పూట గొట్టం విప్పి చూశాను. షీటు మందం కన్నా బయటికి రానివ్వని నా బ్లేడు బియ్యపుగింజంత పొడుచుకొచ్చి ఉంది. బ్లేడు నొక్కే ప్రెషర్ రెండింతలుంది. చెత్తబుట్టలో బండి నంబర్ ప్లేట్లకి వాడే దళసరి మెరుపు షీటు ముక్కలున్నాయి. వాటిని నేను కోయలేదు. నేను పైన అత్తమామలకి వడ్డిస్తున్న ఆ అరగంటలో ఎవరో కోశారు. ఆ అరగంట షాపులో ఉండేది ఒక్కరే. నాకు నవ్వొచ్చింది. నా చేతులకేసి చాలాసేపు చూసుకున్నాను.

శుక్రవారం ఒంటిగంటకి పది నిమిషాలుందనగా పక్షి బొమ్మ ఆర్డరిచ్చిన లైబ్రరీ మేడమ్ వచ్చారు.

"ఏమనుకోకండి," అన్నాడు మా ఆయన. "మా ఆవిడ చేతి పనిలో కాస్త తేడా వచ్చింది. సోమవారం ఆపరేటర్ వచ్చేస్తాడు."

నేను గోడ మీది ఆరు ముక్కలూ ఊడదీసి బల్ల మీద రెండు వరసల్లో పెట్టాను.

"ఇవేంటండీ?" అన్నారావిడ.

"పై వరస నేను అన్నం పెట్టడానికి వెళ్ళేముందు కోసినవి. కింది వరస పెట్టి వచ్చాక కోసినవి. రెండూ ఈ చేత్తోనే కోశాను."

ఆవిడ వంగి చూశారు. మా ఆయన కూడా చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "మధ్యలో రోజూ నాలుగేసి నంబర్ ప్లేట్లు కోశాను. దళసరి షీటు కదా, బ్లేడు కాస్త బయటికి లాగి ప్రెషర్ పెంచా. పది నిమిషాల పని. దానికింత రాద్ధాంతమా?"

"ముట్టుకున్నారా అంటే, వేరే పనుల్లేవా అన్నారుగా," అన్నాను.

లైబ్రరీ మేడమే అందుకుని, "అయితే తప్పెక్కడో దొరికినట్టేనా?" అని నన్నడిగారు. ఈ షాపులో ఒక మనిషి పని గురించి నన్నే సూటిగా అడగడం అదే మొదటిసారి.

"దొరికిందండీ. మధ్యాహ్నం పూట నేను మిషన్ వదిలేసి పైకి వెళ్ళడమే తప్పు. ఇక వెళ్ళను."

మెట్ల మీంచి అత్తగారి కేక వినబడింది. "అమ్మాయ్, ఒంటిగంటైంది. మీ మామగారు కూర్చున్నారు."

మా ఆయన నాకేసి చూశాడు. ఆరేళ్ళుగా ఆ కేక వినబడగానే నా కాళ్ళు వాటంతటవే లేచేవి. ఇవాళ లేవలేదు. బ్లేడుని షీటు మందానికి సరిచేశాను, ప్రెషర్ తగ్గించాను, కొత్త షీటు ఎక్కించాను. తోకలో మొదటి ఈక మొదలైంది. గీత తిరిగి తిరిగి మొదలైన చోటికే వచ్చి కలిసింది.

"మరి అన్నం?" అన్నాడు, గొంతు తగ్గించి.

"వండే ఉంది, వడ్డించుకోవడమే," అన్నాను, బ్లేడు మీంచి చూపు తిప్పకుండా. "అన్నట్టు, సోమవారం వచ్చే మనిషిని వద్దనకండి. పైన వంటింట్లోకి కావాలి."