ఎడమవైపు చక్రం

ఆ బండిని మాకు అమ్మినావిడ తాళంచెవిని మా ఆయన చేతికి ఇవ్వలేదు. చాచిన ఆయన చేతిని దాటి వచ్చి నా ముందు నిలబడింది.

"నువ్వూ వెళ్తావా అమ్మా, ఆయనతో?"

"వెళ్తానండీ. బస్తాలు దింపించేది నేనే."

"రోజూనా?"

"రోజూ."

"అయితే సరే" అని గుప్పెట విప్పి తాళంచెవి నా అరచేతిలో పెట్టింది. భర్త పోయి ఏడాదైందని విన్నాం. ఎలా పోయాడో మేము అడగలేదు, ఆమె చెప్పలేదు.

మా దాణా గోదాము వాగుకు ఇవతల, దాణా కొనే పశువుల పాకలన్నీ అవతల. వంతెన లేదు. వాగు అడుగంతా గుండ్రాళ్ళు. నాలుగు చినుకులు పడితే చాలు, మా పాత వ్యాను ఇవతలి ఒడ్డునే నిలబడి నీళ్ళవంక చూస్తూ ఉండిపోయేది. అందుకే ఈ పికప్పు కొన్నాం. ఒకరు వాడి వదిలినదే, రంగు వెలిసినదే, కానీ నాలుగు చక్రాలూ లాగే బండి. దాన్ని వాకిట్లో ఆపిన రోజున మా అత్తగారు గుమ్మం దిగకుండానే ఎగాదిగా చూసి, సవతిని దగ్గరుండి మరీ తెచ్చుకున్న పిచ్చిదాన్ని నిన్నే చూశానన్నారు. అప్పటినుంచీ మా ఇంట్లో దాని పేరు సవతి.

తారురోడ్డు చివర రేకుల షెడ్డులో ఉండే మెకానిక్ దాని మర్మాలన్నీ విప్పి చెప్పాడు. ముందు చక్రాలు రెండింటిలోనూ ఒక్కోదాని నడిమధ్య, బయటివైపున, అరచేతిలో ఇమిడేంత ఇనుప బిళ్ళ ఉంటుంది. నీళ్ళలోకి దిగే ముందు బండి ఆపి, ఆ రెండు బిళ్ళలనూ చేత్తో తిప్పి బిగించాలి. ఆ తరువాతే లోపల గేరు పక్కనున్న పొట్టి రాడ్డు లాగాలి. అప్పుడే ముందు చక్రాలు లాగుతాయి.

"రెండూ తిప్పాలన్నా. ఒక్కటి తిప్పి ఊరుకుంటే అసలు తిప్పనట్టే. ఇంజను బలమంతా వదులుగా ఉన్న చక్రంలోంచి జారిపోద్ది. చిల్లుకుండ ఒకవైపు బాగుంటే మాత్రం నీళ్ళాగుతాయా?"

అంటూనే సీటు ముందుకు వంచి ఆగిపోయాడు. వెనక రేకు మీద, కిటికీ పై అంచుకు జానెడు కింద, దారం పట్టి గీసినట్టు ఒండ్రు గీత. తడిగుడ్డతో రుద్దాడు, పోలేదు.

"ఇది నీళ్ళు తాగిన బండి వదినా" అన్నాడు, గొంతు తగ్గించి.

"తాగినా తూలట్లేదుగా" అని మా ఆయన నవ్వారు. మెకానిక్ నవ్వలేదు.

త్వరలోనే మాకొక పద్ధతి కుదిరింది. వాగు ఒడ్డున బండి ఆగుతుంది. కుడి తలుపు ఆయనది, ఎడమ తలుపు నాది. ఆయన దిగి కుడి బిళ్ళ తిప్పుతారు, నేను దిగి ఎడమ బిళ్ళ తిప్పుతాను. తిప్పి, బానెట్ మీద ఒక్క చరుపు చరుస్తాను. ఆయన రాడ్డు లాగుతారు. తిరుగుదారిలో తారురోడ్డు ఎక్కే ముందు ఎవరి బిళ్ళను వారు వదులు చేస్తాం. దిగడం, తిప్పడం, చరచడం, ఎక్కడం. ఎనిమిది నెలలపాటు మాట అవసరంలేని పని. మా కాపురంలో తగువు లేకుండా సాగిన పని అదొక్కటే.

వానలు మొదలైన రెండో వారంలో బస్తా జారి నా కుడి మణికట్టు మీద పడింది. తెల్లారేసరికి చెయ్యి బూరెలా పొంగింది. నేనూ వస్తానంటే ఆయన వద్దన్నారు.

"ఒక్కపూటకి నేను చాలనా? నీ సవతి నన్నేం మింగెయ్యదులే."

బండి మలుపు తిరిగింది. అత్తగారు నా చేతికి కాపడం పెడుతున్నారు. కొండలమీద ఆకాశం గచ్చకాయ రంగుకు తిరుగుతోంది. ఆవిరి పట్టిన గుడ్డ మణికట్టు చుట్టూ తిరుగుతుంటే, నా వేళ్ళు వాటంతటవే ఏదో పట్టుకుని తిప్పినట్టు కదిలాయి. అప్పుడు తట్టింది.

ఎనిమిది నెలల్లో ఆయన ఒక్కసారైనా ఎడమవైపు చక్రం దగ్గర వంగలేదు. మరచిపోవడానికైనా ఒకనాడు గుర్తుండాలి కదా. ఆ చక్రం ఆయన పనిలో ఎన్నడూ లేదు. కుడివైపు తిప్పుతారు, ఎక్కుతారు, పని పూర్తయిందనుకుంటారు. నిన్న సాయంత్రం ఎడమ బిళ్ళను వదులు చేసింది నేనే.

రోజూనా, అని బండి అమ్మినావిడ ఎందుకు అడిగిందో తెలిసింది. భర్తతో ఆమె వెళ్ళని రోజొకటి ఉంది.

వాగు దగ్గర ఫోను పనిచేయదు. చెప్పులు కూడా వేసుకోకుండా షెడ్డుకు పరుగెత్తాను. నా మాట సగంలో ఉండగానే మెకానిక్ ఆకాశంవంక ఒకసారి చూసి, తాడు భుజాన వేసుకుని, నన్ను వెనక ఎక్కించుకుని మోటారుసైకిలు తీశాడు.

బండి వాగు నడుమ ఉంది. వెనక చక్రాలు గుండ్రాళ్ళను ఎగజిమ్ముతూ గొయ్యి తవ్వుకుంటున్నాయి. ముందు చక్రాలు పాతేసిన రాళ్ళలా ఉన్నాయి. ఎర్రనీళ్ళు తలుపు సగానికి వచ్చాయి. ఆయన కిటికీలోంచి మెడ సాచి కుడి చక్రాన్నే చూస్తున్నారు. దాని బిళ్ళ బిగించే ఉంది. అందుకే ఆయనకేమీ అర్థం కావడం లేదు. ఎగువన ఎవరో బస్తాలు దొర్లిస్తున్నట్టు వరద చప్పుడు.

"నేను దిగుతా వదినా" అన్నాడు మెకానిక్.

"నీ బరువు తాడుకి కావాలి. ఆ బిళ్ళ నా చేతికి తెలుసు."

తాడు నడుముకు బిగించుకుని దిగాను. నీళ్ళు తొడలు దాటి నడుముకెక్కాయి. నన్ను చూసి ఆయన ఇంజను రొద తగ్గించారు. ఎడమ చక్రాన్ని తడిమాను. బిళ్ళ దొరికింది. మంచి చెయ్యికి తిరగలేదు. వాచిన చెయ్యి కూడా వేశాను. కళ్ళముందు నిప్పులు రాలాయి. ఏదో కొండీ పడినట్టు వేళ్ళకు తెలిసింది, చెవికి వినపడలేదు.

లేచి, బానెట్ మీద ఒక్క చరుపు చరిచాను.

నేను తలుపులోంచి ఎక్కగానే ఆయన బండిని వెనక్కి తీశారు. నాలుగు చక్రాలూ ఒక్కసారి వణికి, పట్టుకుని, ఒడ్డుకు పాకాయి. మేము మెట్ట ఎక్కామో లేదో, ఇందాక నేను నిలబడిన చోటు మీదుగా ఒక చెట్టు వేళ్ళతో సహా దొర్లుతూ పోయింది.

నీరంతా కారిపోయాక సీటు వంచి చూశాం. పాత గీతకు మూరెడు కింద కొత్త గీత, ఇంకా తడిగా. ఆయన తన సీట్లో వెనక్కి ఆనుకుని కూర్చున్నారు. వద్దనుకుంటూనే నా కళ్ళు కొలిచాయి. పాత గీత సరిగ్గా గడ్డం దగ్గరికి వచ్చింది.

ఆయన తాళంచెవి తీసి, నా వాచిన చేతిలో పెట్టి, వేళ్ళు మూశారు.