చింతగింజల డబ్బా

నేను ఒక రేకు డబ్బాను. అరకిలో పాలపొడి పట్టేంత ఒళ్లు, బిగుతుగా కూర్చునే మూత. కొత్తలో నా ఒంటికి నీలం రంగు పూత, దాని మీద బోసినవ్వు నవ్వే పసిబిడ్డ బొమ్మ ఉండేవి. ఇప్పుడు నీలం రాలిపోయింది, బిడ్డ ముఖంలో సగం రాలిపోయింది. మిగిలింది తుప్పు. తుప్పు పట్టినవాళ్లకు పాత సంగతులు చెప్పుకోవడం తప్ప వేరే పని ఉండదు. వినే ఓపిక ఉంటే కూర్చోండి.

నన్ను కన్నది ఒక యంత్రం. రేకును కత్తిరించి, గుండ్రంగా వంచి, అడుగు అతికించి, నాలాంటి వాళ్లను గుక్క తిప్పుకోకుండా బయటికి తోసేది. తల్లి ముఖం చూసే తీరిక మాకెవరికీ దొరకలేదు. పాలపొడి నింపుకొని, లారీలో కుదుపులు తిని, జగిత్యాల అవతల ఒక చిన్న పట్నంలో మందుల దుకాణం అద్దాల బీరువాలోకి చేరాను. అక్కడి నుంచి ఒక బడిపంతులు ఇంటికి. పొడి అయిపోయిన నాడే నా మర్యాదా అయిపోయింది. మనుషుల్లో కూడా లోపలున్న సరుకును బట్టే గౌరవమని తర్వాత తెలిసింది కాబట్టి, ఆ సంగతి మనసులో పెట్టుకోలేదు.

ఆ ఇంట్లో అంట్లు తోమే రాజవ్వ నన్ను చూసి, "పంతులమ్మా, గీ డబ్బ నేను తీస్కపోనా?" అని అడిగింది. కొంగులో చుట్టి తన ఇంటికి తెచ్చుకుంది.

ఇల్లంటే ఒకటే గది. పైన రేకులు, ముందు ఒక తలుపు, దాని పక్కన ఊచల కిటికీ. గడప దాటితే అరుగు కూడా లేదు, తారు రోడ్డే. రాజవ్వ ఉదయం అంట్లు తోమి, మిగతా పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టేది. బీడీలకు కట్టే దారం ఉండలు నాలో ఉండేవి. ఏళ్లు అలాగే గడిచాయి. ఆమె కళ్లు మసకబారే వేళకు కొడుకు గంగాధర్‌కు పెళ్లయింది. కోడలు వనజ ఒళ్లోకి చాట మారింది. చాటతో పాటు నేనూ మారాను.

వనజ పదో తరగతి చదివింది. చాట వంక చూడకుండానే ఆకులో పొగాకు నింపి, చుట్టి, దారం బిగించేది. కడుపుతో ఉన్నప్పుడు పొగాకు ఘాటుకు దగ్గు తెరలు వచ్చి, "అత్తా, కొన్ని దినాలు ఆపుదునా?" అని అడిగింది. "మేమందరం గట్లనే చేసినం బిడ్డా, ఏం గాలే. లే, చుట్టు," అంది రాజవ్వ.

కొడుకు పుట్టాడు. వనజ ఏరి కోరి రిత్విక్ అని పేరు పెట్టుకుంది. రాజవ్వ నోట అది రితిగాడు అయింది.

పాకడం మొదలుపెట్టాక అసలు తంటా వచ్చింది. గుట్టలు తొలిచి బండరాళ్లు మోసుకుపోయే లారీలు ఆ రోడ్డు మీద పొద్దంతా తిరిగేవి. తలుపు తీస్తే పిల్లవాడు వాటి చక్రాల దగ్గరికే. అందుకని గడియ. గంగాధర్ తెల్లారకముందే రైస్ మిల్లుకు పోయేవాడు. అత్త అంట్లకు పోయేది. గదిలో మిగిలేది తల్లీ, బిడ్డా, చాటెడు పని. వాడు ఆకులు చింపేవాడు, పొగాకు నోట్లో పెట్టుకోబోయేవాడు. ఒకరోజు అత్త ఒక పాత చీరను మంచం కోడుకు కట్టి, రెండో కొస వాడి నడుముకు కట్టింది. వనజకు మనసొప్పలేదు. దూడను కట్టేసినట్టు కన్నకొడుకును కట్టేస్తారా? అత్త అటు పోగానే ముడి విప్పేసింది. కట్టెయ్యకుండా ఉండాలంటే వాడిని ఆడించాలి. ఆ రోజు నుంచి అదే ఆమె రెండో ఉద్యోగం.

ఎన్ని ఆటలు కనిపెట్టిందో! స్టీలు గ్లాసులు ఒకదానిమీద ఒకటి పేర్చి పడగొట్టించేది. బీడీ చుట్టగా మిగిలిన తునికాకు తుంపులు దోసిట పట్టి ఫ్యాను కింద ఎగరేసేది. చేతి అద్దంతో ఎండను పట్టి గోడ మీద పరుగెత్తించేది. వాడు ఆ వెలుగు వెనక పాకుతుంటే అంతలో పది బీడీలు చుట్టేది. ఏ ఆటా వారం నిలిచేది కాదు. ఒక మధ్యాహ్నం ఏమీ తోచక నాలోని దారం ఉండలు తీసేసి, పిడికెడు చింతగింజలు పోసి, మూతను రోకలితో దిగ్గొట్టి, వాడి ముందు ఊపింది.

గలగలమని నా గొంతు నేనే మొదటిసారి విన్నాను. పాలపొడికీ, దారానికీ చప్పుడు ఉండదు కదా. రితిగాడు రెండు చేతులూ చాచి కేరింతలు కొట్టాడు. నన్ను లాక్కొని కడుపుకు అదుముకొని ఊపుకున్నాడు. చెంపకు ఆనించుకొని ఊపుకున్నాడు. నా గొంతు ఎంత బాగుంటే ఇంత మురిసిపోతున్నాడో అని పొంగిపోయాను. నా గర్వానికి తర్వాత సిగ్గుపడ్డాను కానీ, ఆ రోజులు మాత్రం బాగుండేవి.

పిల్లవాడు నెమ్మదస్తుడని వాడకట్టంతా పేరు. గోడవతల కుక్కర్ కూతపెట్టినా నిద్ర లేచేవాడు కాదు. పక్కింటి విమల వచ్చినప్పుడల్లా, "నీ కొడుకు బంగారం పిల్లా! మా పోరడైతె చెవులు చిల్లులు వడేటట్టు ఒర్లుతడు," అనేది. వనజ లోలోపల మురిసి, దిష్టి తగలకుండా వాడి పాదానికి కాటుక చుక్క పెట్టేది. ఏడాది దాటింది, ఏడాదిన్నర దాటింది. మాట రాలేదు. "గంగాధర్‌కు గూడ మూడేండ్లకు వచ్చినయి మాటలు. మా ఇంట్ల గంతే," అంది రాజవ్వ. ఆ మాట పట్టుకొని వనజ నిశ్చింతగా ఉంది.

వాడికి ఏడాదీ తొమ్మిది నెలలప్పుడు, ఒక సాయంత్రం రాజవ్వ పనినుంచి వచ్చి గడియ పెట్టడం మరిచింది. వనజ పొయ్యి దగ్గర ఉంది. బయట లారీ హారన్ ఆగకుండా మోగింది. తర్వాత బ్రేకుల కీచు. వనజ తిరిగి చూస్తే తలుపు బార్లా ఉంది, గదిలో పిల్లవాడు లేడు.

రోడ్డు నడుమ కూర్చొని ఉన్నాడు. వీపు వెనక మూరెడు దూరంలో లారీ ముందు చక్రం. వాడు తలెత్తకుండా కంకర ఏరుకుంటున్నాడు.

డ్రైవర్ దిగాడు. "ఓ అమ్మా, పోరన్ని రోడ్డు మీదికి ఇడిసిపెడతరా? ఆ మూల నుంచి హారన్ కొట్టుకుంటనే వస్తున్న. తిరిగి సూడడు. చెవుడా ఏంది?"

వనజ బిడ్డను చంకనేసుకొని లోపలికి వచ్చి గడియ పెట్టింది. తర్వాత వాడిని నేలమీద గ్లాసుల ముందు కూర్చోబెట్టి, నన్ను చేతిలోకి తీసుకొని, వాడి వెనక్కి వెళ్లింది.

ఊపింది. వాడు గ్లాసు మీద గ్లాసు పెట్టాడు.

ఇంకా గట్టిగా ఊపింది. కుడి చెవి దగ్గర, ఎడమ చెవి దగ్గర. నేను నా ఒంట్లో ఉన్న గొంతంతా పెట్టి అరిచాను. గింజలు నా గోడలకు కొట్టుకొని పగులుతాయేమో అన్నంతగా అరిచాను. మూలన కూర్చున్న రాజవ్వ చెవులు మూసుకుంది. వాడు మూడో గ్లాసు పెట్టి, అది నిలబడినందుకు తనలో తాను నవ్వుకున్నాడు.

వనజ చెయ్యి కిందికి వాలిపోయింది.

"పరాకుగ ఉన్నడే, ఆటల వడ్డడు," అంది రాజవ్వ.

ఆ వారమే కరీంనగర్‌లోని పెద్దాసుపత్రికి పోయారు. వరుసలో పిల్లవాడిని ఆడించడానికి వనజ నన్నూ సంచిలో వేసుకుంది. వాడికి నిద్రమందు పట్టి, తలకు తీగలు అతికించి పరీక్ష చేశారు. కాగితం చూసిన డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"రెండు చెవులూ పనిచెయ్యడం లేదమ్మా. పుట్టుకతోనే. ఇంత ఆలస్యం ఎందుకు చేశారు?"

గంగాధర్ భార్య వంక చూశాడు. వనజే జవాబు చెప్పింది. "వాడు ఎన్నడు సతాయించలే సార్. నేను పని జేసుకుంటుంటె వాని ఆట వాడు ఆడుకుంటుండె. మంచి పోరడు అనుకున్న."

డాక్టరు హైదరాబాదులో ఆపరేషన్ ఉందనీ, ఎంత చిన్నతనంలో చేస్తే అంత మేలనీ, ఆ తర్వాత ఏళ్ల తరబడి మాట నేర్పించాలనీ, అయినా ఎంత వస్తుందో చెప్పలేమనీ అన్నాడు. పేరు రాసుకున్నారు. ఫోన్ వస్తుందన్నారు. అంతదాకా చెవికి పెట్టమని ఒక మిషన్ ఇచ్చారు. పెట్టిన ప్రతిసారీ వాడు దాన్ని పీకి పారేశాడు.

ఫోన్ రాలేదు. నెల గడిచింది, ఇంకో నెల గడిచింది. గంగాధర్ రెండుసార్లు పోయి అడిగి వచ్చాడు. వరుసలో ఉన్నారన్నారు. ఆ తర్వాత అతను ఇంటికి ఆలస్యంగా రావడం నేర్చుకున్నాడు. తలుపు లోపలి వైపున, పిల్లవాడికి అందనంత ఎత్తులో, రెండో గడియ వచ్చింది. రాజవ్వ ఒకరోజు విమలతో, "కడుపుతోని ఉన్నప్పుడు చాట ఇడువలేదమ్మా. పొగాకు గర్భానికి మంచిదా?" అనడం వనజ వింది. ఆకు మీద ఆమె కత్తెర ఆగింది.

ఆ రోజుతో ఆటలు ఆగాయి. గ్లాసులు గూట్లోకి పోయాయి, అద్దం గోడకెక్కింది. అత్త కట్టిన చీర ముడిని ఇప్పుడు వనజ తన చేతుల్తోనే కట్టేది. రితిగాడు నన్ను తెచ్చి ఆమె ఒళ్లో, చాట మీద పెట్టేవాడు. ఆమె తీసి పక్కన పెట్టేది. మళ్లీ తెచ్చేవాడు. మళ్లీ పక్కన పెట్టేది. వాడి కళ్లలోకి చూసేది కాదు. తన మురిపెం వల్లే వాడికి వైద్యం అందాల్సిన కాలం కరిగిపోయిందన్న ఒకే ఆలోచన ఆమెను లోపల లోపల కొరికేస్తున్నదని నాకు తెలుసు. నాలోపల ఇంకా గింజలన్నా ఉన్నాయి, ఆమె లోపల ఆ ఆలోచన తప్ప ఏమీ మిగలలేదు.

ఒక మధ్యాహ్నం వనజ దూది తీసుకొని రెండు చెవుల్లో కుక్కుకుంది. దాని మీద కొంగు బిగించి తలకు చుట్టుకొని, గది నడుమ కూర్చుంది. కొడుకు ఉండే ఇల్లు ఎలా ఉంటుందో చూడాలనుకుందేమో. లారీలు పోతున్నాయి, ఆమె ముఖం కదలలేదు. రితిగాడు నడుముకు కట్టిన చీర సాగినంత మేర ముందుకు వచ్చి, ఆమె ముఖం ముందు నన్ను ఊపాడు. ఆమె చూస్తూ ఉంది. వాడు ముందుకు వంగి, తనకు తాను చేసుకునేటట్టే, నన్ను ఆమె చెంపకు ఆనించి ఊపాడు. గింజల దెబ్బలు ఆమె దవడ ఎముకలోకి దిగాయి. అన్నాళ్లూ వాడు దేనికి నవ్వాడో ఆమెకూ నాకూ ఒకేసారి తెలిసింది. ఆమె వాడిని గుండెకు పొదువుకొని ఏడ్చింది. చీర ముడి విప్పింది. ఆ సాయంత్రం గ్లాసులు కిందికి దిగాయి.

ఇక్కడ ఆపితే బాగుండేది. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా.

నేను పాతబడ్డాను. ఆనించి ఆనించి ఊపడంతో నా మూత అంచు తుప్పు తిని సన్నబడింది. పది రోజుల తర్వాత, వనజ అటు తిరిగి కుండలోంచి నీళ్లు ముంచుకుంటుండగా, మూత ఊడి గింజలు నేలంతా చెల్లాచెదురయ్యాయి. ఆమె తిరిగేసరికి వాడి ముఖం నల్లబడుతోంది, ఊపిరి రావడం లేదు. ఆమె వాడిని మోకాలి మీద బోర్లా వేసి వీపు మీద చరిచింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో దెబ్బకు గొంతులో ఇరుక్కున్న గింజ బయటపడింది.

వాడికి ఊపిరి అందగానే ఆమె నన్ను ఎత్తి, కిటికీ ఊచల సందులోంచి బలంకొద్దీ బయటికి విసిరేసింది. రోడ్డుకు ఆవలి పక్క కాలువ గట్టున పడ్డాను. ఇరవై అడుగుల దూరం.

అప్పుడు ఏడ్చాడు రితిగాడు. ఊచలు పట్టుకొని, నా వైపు చెయ్యి చాచి, అంతకుముందు ఎన్నడూ ఏడవనంతగా ఏడ్చాడు. విమల ఇంట్లోంచి బయటికి వచ్చింది. వీధి చివరి దుకాణం దగ్గరి మనుషులు తిరిగి చూశారు. వాడకట్టంతా విన్నది ఆ ఏడుపు. విననిది వాడొక్కడే.

వనజ కిటికీ దగ్గరికి వచ్చింది. నన్ను చూసింది, వాడిని చూసింది. పోయి తలుపు దగ్గర నిలబడింది. కింది గడియ తీసిన చప్పుడు విన్నాను. పై గడియ మీద చెయ్యి పెట్టి ఉంటుంది. అంతలో మూల మలుపులో లారీ హారన్ మోగింది. లారీ వచ్చింది, పోయింది. దుమ్ము అణిగింది. పొద్దు వాలేదాకా ఎదురుచూశాను. తలుపు తెరుచుకోలేదు.

మరునాడు చెత్త ఏరే ఆమె నన్ను గోతాంలో వేసుకుంది. ఇప్పుడు పాత ఇనుప సామాన్ల దుకాణం వెనక, వంగిన సైకిలు రిమ్ముల కింద పడి ఉన్నాను. ఏదో ఒకరోజు కరిగిస్తారట. భయం లేదు. హైదరాబాదు నుంచి ఆ ఇంటికి ఫోన్ వచ్చిందో లేదో మాత్రం తెలుసుకోవాలని ఉంది. ఈ దారిన పోయే మనుషులు ఇనుము గురించి మాట్లాడుకుంటారు, ఎండల గురించి మాట్లాడుకుంటారు. ఆ పిల్లవాడి సంగతి ఎవరూ ఎత్తరు.