ఆ బలం ఏ ఇంటి బియ్యానిది?

"నీకేమమ్మా, ఇల్లు నీదే, మడి నీదే!"

ఈ మాట జురైదా చెవిన పడేది ఎప్పుడూ ఆవిడ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఊదుతున్నప్పుడే. అనేవాళ్ళు సాధారణంగా అప్పుడే భోంచేసి, చేతులు కడుక్కున్న గిన్నె అక్కడే వదిలేసి లేస్తుంటారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వేది. పొగ వల్ల వచ్చిన నీళ్ళో, ఇంకెందువల్లనో వాళ్ళూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

మాట అబద్ధమేమీ కాదు. సెమెండె కొండల్లో ఇల్లూ మడిచెక్కా పెద్దకూతురికే వస్తాయి. మగపిల్లలు పెళ్ళి చేసుకుని అత్తవారి వైపు పోతారు, చిన్నకూతుళ్ళు మొగుళ్ళతో పోతారు, పెద్దకూతురి మొగుడు మాత్రం బట్టల మూటతో ఇల్లరికం వచ్చేస్తాడు. ఇల్లు ఆవిడదే, కాకపోతే ఒక్క చెక్క కూడా అమ్మకూడదు. మడి ఆవిడదే, కాకపోతే గట్టు జరపాలన్నా మేనమామని అడగాలి. ఆవిడ పని కాపలా. పొయ్యి మీద వేలాడే వెదురు గొట్టాన్ని తుబాంగ్ అంటారు. ఉప్పుచేప, రొయ్యల ముద్ద, పులియబెట్టిన దురియన్ పండు గుజ్జు అందులో ఉంటాయి. ఇల్లు విడిచి వెళ్ళినవాళ్ళు పండగని వచ్చినా, జ్వరమని వచ్చినా, మొగుడితో పోట్లాడి వచ్చినా, చెయ్యి పెడితే ఆ గొట్టంలో ఏదో ఒకటి తగలాలి. తగలకపోతే వంశానికే తలవంపు. నింపేదెవరు అన్న సంగతి మాత్రం ఏ పెద్దమనిషీ ఎన్నడూ ఎత్తలేదు, నిండుతూనే ఉంది కనుక.

పెళ్ళయిన కొత్తలోనే జురైదాకి ఒక సంగతి అర్థమైంది. ఈ ఊళ్ళో ఆడవాళ్ళందరికీ అలిగి వెళ్ళడానికి పుట్టిల్లు ఉంది, పెద్దకూతుళ్ళకి తప్ప. ఎందుకంటే పెద్దకూతురే పుట్టిల్లు. పుట్టిల్లు ఎక్కడికి అలిగి వెళుతుంది? మహా అయితే పెరట్లోకి వెళ్ళి, కోళ్ళని తిట్టి తిరిగి రావాలి.

అలా తిరిగి రావడం ఇష్టంలేక ఒకరోజు ఆవిడ పెరడు దాటి, వాగు దాటి, అడవంచున ఎవరికీ అక్కర్లేని నిటారు గుట్ట ఎక్కింది. ఆ రోజు మొగుడు సుక్రి కూరలో చెయ్యి పెట్టి, "మా అమ్మ చేతి కారమే వేరు" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. ఏ పని చెప్పినా, "నేను ఇల్లరికం వచ్చినవాణ్ణి జూ, ఈ ఇంట్లో అతిథిని. నేను ముట్టుకుంటే మీవాళ్ళు ఏమనుకుంటారో" అని నెమ్మదిగా కాఫీ ఊదుకుంటూ తాగేవాడు. అంత మర్యాదగా పని తప్పించుకునేవాణ్ణి కోప్పడడం కూడా కష్టమే. గుట్ట మీద కూర్చుంటే కోపం తీరింది గానీ చేతులు ఊరుకోలేదు. పొదలు కొట్టింది. మర్నాడు పాత కాఫీ చెట్ల కింద ఎవరూ పట్టించుకోని మొలకలు పీకి తెచ్చి నాటింది.

అప్పట్నించి అలకకో మొక్క. "చదువుకున్నావు గదా అక్కా, ఇంట్లో ఉండి చేసేదేముంది, కాస్త లెక్కలూ అవీ చూసుకోరాదూ?" అని తమ్ముడు రుస్దీ అన్న రోజున వాగు వైపు వరస మొత్తం నాటేసింది. అతని భార్య యూలీ పట్నం నించి వచ్చి, "వదినా, ఈ పొగలో మీకు వాసన తెలీడం మానేసినట్టుంది" అన్న రోజున బండరాయి పక్కన రెండు. చెల్లెలు మిస్నా పురిటికి వచ్చి మూడు నెలలుండి వెళుతూ, "నీకేం అక్కా, నువ్వు అదృష్టవంతురాలివి" అంటే, అది ప్రేమగా అన్నదని తెలుసు కనుక ఒక్క మొక్కే. మేనమామ హాజీ బహ్రుదీన్ సలహాలకి పైవరస సరిపోక అడవిలోకి కొంచెం జరగాల్సొచ్చింది.

"ఆ గుట్ట మీదికి మేకలు కూడా ఎక్కవు" అని సుక్రి నవ్వాడు. నిజమే, మేకలు ఎక్కలేదు. అందుకే చెట్లు ఏపుగా పెరిగాయి.

ఈ ఏడు కాయ ఎర్రబారేసరికి గుట్టంతా కుంకుమ చల్లినట్టయింది. అదీ చిక్కు. అంత ఎరుపు లోయకి అవతలి నించి కూడా కనబడుతుంది మరి.

ఇంటి కప్పు మార్చడం గురించి మాట్లాడాలని హాజీ మావయ్య అందర్నీ పిలిపించాడు. రేకులు తుప్పుపట్టి కారుతున్నాయి. ఇంటి కప్పంటే ఇంట్లో పుట్టినవాళ్ళందరూ తలా ఇంత వేసుకోవాలి, అది ఆచారం. రుస్దీ పట్నం నించి యూలీతో వచ్చాడు, మిస్నా వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. తుబాంగ్ అడుగంటా ఊడ్చుకుపోయింది. జురైదా చిన్నకూతురు ఎల్వా కాఫీలు అందిస్తుంటే రుస్దీ గొంతు సవరించుకున్నాడు.

"మావయ్యా, తలా ఇంత అనుకోవడం ఎందుకంట? వాగు అవతల అక్క వేసిన తోట ఉందిగా. బ్రహ్మాండంగా కాసింది. దాన్ని ఇంటి ఆస్తిలో కలిపేస్తే కప్పూ వస్తుంది, ఏటేటా ఖర్చులకీ ఉంటుంది. ఎవరికీ బరువుండదు."

జురైదా చేతిలో పళ్ళెం ఆగిపోయింది. "అది ఇంటిది కాదు రుస్దీ. అడవంచు కొట్టి నాటినవాళ్ళదే తోట అని ఊరంతా ఒప్పుకున్నదే కదా. కొట్టింది నేను. నాటింది నేను."

హాజీ మావయ్య కళ్ళు మూసుకున్నాడు. తీర్పు చెప్పే ముందు ఆయన అలాగే మూసుకుంటాడు. చూసేవాళ్ళకి ధ్యానంలా ఉంటుంది, పక్కన కూర్చున్నవాళ్ళకి చిన్న గురక వినబడుతుంది.

"కొట్టింది నువ్వే అమ్మాయ్, కాదన్లేదు. కానీ కొట్టిన చేతుల్లో బలం ఏ ఇంటి బియ్యానిది?"

"ఈ ఇంటిదే" అంది యూలీ, తనని అడిగినట్టు.

"మరి? ఇంటి బియ్యం తిని చేసిన పని ఇంటిదే అవుతుంది. నీకేమమ్మా, ఇల్లు నీదే, మడి నీదే. ఇంకో చెక్క కోసం పేచీ ఎందుకు?"

ఎల్వా మొహం ఎర్రబడింది. సుక్రి ఇల్లరికం వచ్చినవాడి మర్యాదతో కిటికీలోంచి బయటికి చూశాడు. జురైదా లోపల మాటలు తోసుకొస్తున్నాయి. ఆ బియ్యం నాటిందెవరు, దంచిందెవరు, వండిందెవరు? వండి మీ విస్తట్లో పెట్టగా మీ గొంతులోకొచ్చిన ఈ బలం ఎవరిది? కానీ ఇవన్నీ అంటే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. "కోపం వచ్చింది, పాపం" అని అందరూ జాలిపడి తోట కలిపేసుకుంటారు. గుట్ట పోతే పోయేది కాఫీ కాదు, అలగడానికి తనకంటూ ఉన్న ఒకే ఒక్క చోటు. రేపట్నించి అక్కడ కూడా కాపలాదారే అవుతుంది. అంతలో మావయ్య అడిగిన ప్రశ్న మరోసారి చెవిలో మోగింది. ఏ ఇంటి బియ్యం? ఆవిడ నిదానంగా పళ్ళెం కింద పెట్టింది.

"సరే మావయ్యా. మీరు చెప్పాక తిరుగేముంది? తోట ఇంటిదే."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని ఎవరూ అనుకోలేదు. రుస్దీ కాస్త నిరాశపడ్డట్టు కూడా కనిపించాడు, దార్లో కూడబెట్టుకొచ్చిన వాదన అంతా వృథా అయింది కదా. రాత్రి ఎల్వా వంటింట్లోకొచ్చి, "ఏంటమ్మా అలా ఇచ్చేశావ్!" అని గింజుకుంది.

"పొద్దున్నే లేవాలి, పడుకో" అంది జురైదా, బుట్టలు దులుపుతూ.

తెల్లారుతూనే అందర్నీ లేపింది. ఒక్కొక్కరికీ పళ్ళెం నిండా అన్నం పెట్టింది. "తినండి, తినండి. ఇంటి బియ్యం" అని మారు వడ్డించింది. తిన్నాక ఒక్కొక్కరి నడుముకీ ఒక్కో బుట్ట కట్టింది.

"ఇదేంటక్కా?" అన్నాడు రుస్దీ.

"కాయ పండి రాలిపోతోంది. ఇంటి ఆస్తి మీద పని పడితే, ఇంటి కాపలా మనిషి పిలిస్తే, ఇంట్లో పుట్టినవాళ్ళంతా, కోడళ్ళతో సహా కదలాలి కదా. మేనమామ ముందు నడవాలి. ఆచారమేనా మావయ్యా?"

హాజీ మావయ్య కళ్ళు మూసుకోబోయాడు గానీ, నిద్రపోయే వీల్లేకుండా మిస్నా అప్పటికే పగలబడి నవ్వుతోంది. ఆచారం కాదనడానికి ఆయనకి నోరు రాలేదు. నలభయ్యేళ్ళుగా ఊళ్ళో ఆయన కూడబెట్టుకున్న పరువంతా ఆ మాట మీదే మరి. లుంగీ ఎగ్గట్టాడు.

సుక్రి కూడా బుట్ట అందుకోబోయాడు. జురైదా అతని చెయ్యి పట్టుకుని ఆపింది. "అయ్యయ్యో, మీరెక్కడికండీ! మీరు ఇల్లరికం వచ్చినవారు, అతిథులు. ఇంటి ఆస్తి ముట్టుకుంటే మావాళ్ళు ఏమనుకుంటారు? మీరు ఇంటి దగ్గరుండి వంట చూడండి. మధ్యాహ్నానికి గుట్ట మీదికి తెచ్చేయండి."

"వంటా?"

"మీ అమ్మ చేతి కారమే వేరు కదా. కొంచెమైనా మీకు వచ్చే ఉంటుంది."

ఆపై సంగతి గుట్టే చూసుకుంది. రాత్రి జల్లు పడి మట్టి సబ్బులా ఉంది. యూలీ పట్నం చెప్పు ఒకటి వాగులోకి, రెండోది జలగ ఉన్న పొదలోకి జారింది. "వదినా, ఏదో పాకుతోంది! వదినా, ఎక్కడో పాకుతోంది!" అని ఆమె పెట్టిన కేకలకి అడవిలో కోతులు సర్దుకుని దూరంగా కూర్చున్నాయి. రుస్దీ పచ్చికాయా పండుకాయా కలిపి దూసేస్తుంటే జురైదా అతని బుట్ట బోర్లించి, "చదువుకున్నావు గదా తమ్ముడూ, రంగులు చూసుకోరాదూ?" అంది. అతను నిలబడ్డది వాగు వైపు వరసలో, తన మాటకి మొలిచిన చెట్ల మధ్యే. యూలీ బండరాయి పక్కన ఆ రెండు చెట్లనీ పట్టుకుని వేలాడుతోంది. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో జురైదాకి వేరే ఆలోచించే పనే లేకపోయింది, చెట్లు వాళ్ళవాళ్ళని గుర్తుపట్టినట్టే ఉంది. నవ్వు ఆపుకోలేక ఆవిడ కొమ్మల వెనక్కి వెళ్ళాల్సొచ్చింది.

మిస్నా ఒక్కతే చిన్నప్పటిలా చకచకా కోస్తోంది. పక్కకి వచ్చి గుసగుసలాడింది. "అక్కా, ఇదంతా నువ్వొక్కదానివే నాటావా? ఎప్పుడు?"

"మీరంతా తిని పడుకున్నప్పుడు."

 మిస్నా తన బుట్ట నిండాక, అక్క బుట్టలో కూడా రెండు దోసిళ్ళు పోసింది. కాసేపయ్యాక, "నువ్వు అదృష్టవంతురాలివి అనేదాన్ని కదూ. ఎంత తిట్టుకున్నావో" అంది.

"ఒక్క చెట్టంత" అంది జురైదా, ఇద్దరూ కాయలు ఒలికిపోయేలా నవ్వారు.

మధ్యాహ్నం సుక్రి వచ్చాడు. సగం దారి నిలబడీ, సగం దారి కూర్చునీ వచ్చాడు. అన్నం అడుగు మాడింది, చేపకి ఉప్పు లేదు. మొహం నిండా మసి, కళ్ళ నిండా నీళ్ళు. "జూ, తుబాంగ్‌లో చెయ్యి పెడితే ఏమీ లేదు!" అన్నాడు, ప్రపంచంలో మరెవరికీ ఇలాంటి కష్టం రాలేదన్నట్టు. "అందులో ఎప్పుడూ ఉంటుంది కదా?"

"ఉంటుంది" అంది జురైదా. "ఎలా ఉంటుందో ఇప్పటికి అడిగారు."

మాడిన అన్నం అందరూ మెతుకు మిగల్చకుండా తిన్నారు. తిని లేవబోతూ హాజీ మావయ్య జారాడు. రెండు చేతులా ఓ కాఫీ చెట్టుని కావలించుకుని ఆగాడు. కింద లోయ, పైన ఇంకా కొయ్యని మూడు వరసలు. ఆయన పైకి చూశాడు, కిందికి చూశాడు. చెట్టు వదలకుండానే కళ్ళు మూసుకున్నాడు. ఈసారి గురక రాలేదు.

"నేను ఆలోచించాను. ఇంటి ఆస్తంటే పెద్దవాళ్ళు ఇచ్చింది. ఈ గుట్ట ఏ పెద్దవాడూ ఇచ్చింది కాదు. తెలివున్న ఏ పెద్దవాడూ ఇక్కడికి ఎక్కడు కూడానూ. కొట్టి నాటినవాళ్ళదే తోట. ఇది జురైదాది."

"అవును, అవును" అన్నాడు రుస్దీ. "వదినదే" అంది యూలీ. ఆ వంశంలో అంత త్వరగా అందరూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి.

"మరి కప్పు?" అంది ఎల్వా మెల్లగా.

"తలా ఇంత!" అని గొంతులన్నీ ఒకేసారి అరిచాయి.

మావయ్యకి ప్రాణం కుదుటపడ్డాక పెద్దరికం కూడా తిరిగొచ్చింది. "అయితే అమ్మాయ్, ఇదీ ఇప్పుడే తేల్చేద్దాం. ఇల్లూ మడీ నీ పెద్దపిల్లకి పోతాయి. ఈ తోట నీ తర్వాత చిన్నదానికేగా? ఎల్వాదని చెప్పెయ్. దాని తరఫున నువ్వు చూస్తూ ఉంటావు."

అందరూ తలలూపారు. ఎల్వా తల్లి వైపు చూసింది. జురైదా కూడా ఇన్నేళ్ళూ తనకి తాను అలాగే చెప్పుకుంది, ఏమీ దక్కని చిన్నపిల్ల కోసమే కదా ఈ పాట్లని. అలా చెప్పుకుంటే తప్పు చేసినట్టనిపించేది కాదు. నాలిక మీదికి వచ్చేసిన 'అలాగే మావయ్యా' అన్న మాటని ఆవిడ అక్కడే ఆపింది. కాపలాదారు అలవాటు అది, చేతిలో పడ్డదాన్ని వెంటనే ఇంకొకరి కోసం దాచిపెట్టడం.

"ఇప్పుడే కదా మావయ్యా నాదయింది. కొన్నాళ్ళు నాదిగానే ఉండనివ్వండి."

ముందుగా నవ్వింది ఎల్వానే. బుట్ట విప్పి అమ్మ మెడ కావలించుకుంది. "నాకు కావలిస్తే నేనే పక్క గుట్ట ఎక్కుతాలే" అంది.

అందరూ ఒకర్నొకరు పట్టుకుని దిగడం మొదలుపెట్టారు. సగం దిగాక సుక్రి ఆగి, పైకి చూసి కేకేశాడు. "జూ! మరి రాత్రికి ఏం చేద్దాం?"

'ఏం చేస్తావు' అనలేదతను. ఆ సంగతి జురైదా గమనించింది.

"వాగులో చేపలున్నాయి! ఉప్పు కుండ కిటికీ పక్కన!" అని కేకేసి, ఆవిడ బండరాయి మీద కూర్చుంది. ఇవాళ దేనికీ అలగలేదు. ఊరికే కూర్చుంది, అంతే. దగ్గర్లో కొమ్మ వంచి బాగా పండిన కాయ ఒకటి తెంపి నోట్లో వేసుకుంది. తియ్యటి తొక్క నమిలి, గింజని వీలైనంత దూరం ఉమ్మింది. అది ఎక్కడ పడిందో కనబడలేదు. ఎక్కడ పడినా, మొలిస్తే ఆ మొక్కా తనదే.